తోక తెగిన మాట

"ఒక్క అచ్చరానికి ఇంత రాద్ధాంతమా అవ్వా? ఈ హిందూపురంలో లాటిన్ ఎవురికొస్తాది?" అంది మనవరాలు గిరిజ.

"నాకొస్తాది. ఆ రెండు మాటలమటుకు వస్తాది. 'మ్' యాడ పోయిందే?"

"పెయింటరు మర్చిపోయినాడు. చినిగిన చీర గూడా పారేయక మసిగుడ్డలు కుట్టేదానివి, దుడ్డు పోసి బోర్డు మళ్లా రాయించమంటావా?"

గిరిజ కొత్తగా పెట్టే మెస్సు బోర్డు గోడకు ఆనించి ఉంది. వంట నాదే. నవ్వులాటకు నేను చెప్పిన మాటే రాయించింది: 'కోక్వమ్ తిమే'. వంటమనిషికి భయపడు అని అర్థం. బోర్డు మీద మాత్రం 'కోక్వ తిమే' అని ఉంది. పచ్చి పెయింటు వాసన నన్ను పెనుకొండ వంటింటికి లాక్కుపోయింది.

ధర్మవరంలో మూడో తరగతితో నా చదువు మాన్పించి మగ్గం పక్కన కండెలు చుట్టించారు. భర్త పోయాక పెనుకొండలో ఒక అయ్యవారింట వంటకు కుదిరాను. బెంగళూరులో ఏళ్ల తరబడి లాటిన్ చెప్పి వచ్చిన మనిషి ఆయన. ఆయన నవ్వితే పక్కన ఎవరో ఒకరు చిన్నబోవాల్సిందే. కొత్తగా రంగు వేసిన వంటింటి తలుపు మీద ఆ మాట తెలుగు అక్షరాల్లో సుద్దతో రాయమని ఒకరోజు నాకు చెప్పాడు. నేను 'మ్' వదిలేశాను. భోజనానికి వచ్చిన స్నేహితులు చదివి పొట్ట పట్టుకుని నవ్వారు. ఎందుకో తెలియక నేనూ నవ్వాను.

వాళ్లు వెళ్లాక, ఎందుకు నవ్వారని అయ్యవారిని అడిగాను.

"'వంటమనిషీ, భయపడు' అని రాసినావమ్మా. మనకు 'కి' ఎట్లనో, లాటిన్‌లో ఆ 'మ్' అట్ల. తోక తెగితే ఎవురు ఎవురికి భయపడాల్నో తారుమారు" అన్నాడు.

బొగ్గుతో గచ్చు మీద మాటలు రాసి ఒక్కొక్కదాని తోక చూపించాడు. అంత ఓపికగా నాకు ఎవరూ ఏదీ చెప్పలేదు. మర్నాడు పలక కొనుక్కుని వెళ్లాను.

"ఇంకొన్ని చెప్పండి అయివారూ."

ఆయన పలక వంక చూసి, "పప్పుకు తిరగమోత పెట్టేదానికి ఇంత చాల్లేమ్మా" అన్నాడు.

ఆ పలక ఉప్పుజాడీకి మూతైంది. ఇప్పటికీ అదే మూత. అక్షరం తప్పితే ఊరుకోలేని గుణం ఆయన ఇచ్చిందే, పలకను మూత చేసిందీ ఆయన మాటే.

ఇదంతా గిరిజకు చెప్పలేదు. "ఎవురూ చదవర్లే అవ్వా" అంటూ లోపలికి పోయింది.

తెల్లవారి బోర్డు అలాగే ఎక్కించారు. నేను స్టూలు వేసుకుని, కట్టెల పొయ్యిలోని బొగ్గుముక్కతో 'కోక్వ' పక్కన 'మ్' రాశాను. చోటు చాలక చిన్నగా వచ్చింది. దిగి సంగటికి ఎసరు పెట్టాను.