చివరి చేనుకు దిగే నీళ్ళు

మా నాన్నకి గుడివాడలో కిరాణా కొట్టు ఉండేది. మొదట చెప్పిన ధరకే ఒప్పుకున్నవాణ్ణి మా ఇంట్లో అమాయకుల కింద జమకట్టేవారు. నేను పెళ్ళిచూపులకి వెళ్ళి, వాళ్ళు పెట్టిన రెండు జంతికల్ని నాలుగు చేయించుకుని తిన్నానని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. అలాంటివాణ్ణి మందులు వాడని బియ్యం అమ్ముతూ బతుకుతున్నాను.

నాకు బియ్యం ఇచ్చేవాళ్ళలో దివిసీమ అక్కగారు ఒకరు. కాలువ చివర ఆవిడకి ఎకరన్నర చేను. ఆరేళ్ళుగా అందులో మందు చుక్క పడలేదు. ఒకరోజు ఫోన్ చేశారు.

"తమ్ముడూ, సేంద్రియ సాగు మీద దేశం మొత్తానికీ కాగితం రాస్తున్నారంట. బందరులో రైతుల్ని పిలిచి అడుగుతారంట. అదే ఖాయమైతే నేనింక మానెయ్యాల్సిందే."

ముసాయిదా తెప్పించి చదివాను. మందు కొట్టిన చేలోంచి నీళ్ళు వచ్చే భూమికి సేంద్రియ సర్టిఫికెట్ ఇవ్వరట. మా డెల్టాలో బోదెలోంచి, అంటే పిల్లకాలువలోంచి, వచ్చిన నీళ్ళు చేలోంచి చేలోకే దిగుతాయి. ఆవిడది ఆ వరసలో పదో చేను, ఆఖరిది. సర్టిఫికెట్ లేకపోతే ఆరేళ్ళ కష్టమూ మామూలు బియ్యంలో కలిసిపోతుంది.

సమావేశం రోజు బందరు బస్టాండులో టీ తాగుతూ ఆవిడకి పాఠం చెప్పాను.

"అక్కా, నీళ్ళ మాట ముందే ఎత్తకు. మందుల చేను సేంద్రియం కింద లెక్కకి రావడానికి మూడేళ్ళు పట్టాలని రాశారు. ఒక్క ఏడాది చాలని పట్టుబడదాం. చివర్లో అది వదిలేసినట్టు వదిలేసి నీళ్ళ సంగతి అడుగుదాం."

"ఏడాది చాలదుగా?"

"చాలదని వాళ్ళకేం తెలుసు?"

ఆవిడ గ్లాసు కింద పెట్టి నన్నొకసారి చూశారు. ఒప్పుకున్నారనుకున్నాను.

హాల్లో ముందు నేనే లేచి, ఒక్క ఏడాది చాలని గట్టిగా వాదించాను. ఢిల్లీ నుంచి వచ్చిన అధికారి అంతా రాసుకుని, పక్కనున్న తెలుగు ఆఫీసరు చేత అక్కగారిని అడిగించారు.

"మీ అనుభవంలో ఏడాది సరిపోతుందా అమ్మా?"

"సరిపోదండీ. నా చేలో మళ్ళీ వానపాములు కనబడింది మూడో ఏడే. మా తమ్ముడు కొట్టు మనిషి, బేరం పెట్టాడు."

హాలంతా నవ్వింది. నేను కూర్చుని చెప్పులు చూసుకున్నాను. ఆ అధికారి మాత్రం నవ్వలేదు. కుర్చీ ముందుకు లాక్కుని, మరి మీ ఇబ్బందేమిటని అడిగించారు.

ఆవిడ బల్ల మీది కాగితం కప్పులు వరసగా పేర్చారు. "ఇవి పై చేలు. ఈ ఆఖరిది నాది. ఇన్నింట్లోంచి దిగితేనే నాకు నీళ్ళు. విడిగా ఎక్కణ్ణుంచి తెచ్చుకోనండీ, సముద్రంలోంచా? అందుకే మనిషికో కాగితం కాకుండా, ఒక బోదె కింది చేలన్నిటికీ కలిపి ఇవ్వండి. మా బోదె మీద పై తొమ్మిది మందిలో ఆరుగురు మందు మానడానికి సరేనన్నారు. ముగ్గురు అనలేదు."

ఒప్పుకోనివాళ్ళని కూడా లెక్కలో చెప్పడం నా చేతనయ్యే పని కాదు. అధికారి ఆ కప్పుల వరస తన పుస్తకంలో బొమ్మ వేసుకున్నారు.

కొన్ని నెలలకి సవరించిన ముసాయిదా వచ్చింది. మూడేళ్ళ గడువు అలాగే ఉంది. దాని కింద, ఒకే బోదె నీటితో పండే చేలన్నీ కలిసి మందు మానితే ఉమ్మడిగా సర్టిఫికెట్ ఇవ్వొచ్చని ఒక కొత్త వాక్యం. ఇంకా ఖరారు కాలేదు, అభిప్రాయాలు పంపమన్నారు. అక్కగారు ఫోన్లో దాన్ని రెండుసార్లు చదివించుకున్నారు.

"అయితే ఈ ఏడూ నారు పోస్తాను. ఆ ముగ్గురి దగ్గరికీ నువ్వే వెళ్దువుగాని తమ్ముడూ. ఉన్నదున్నట్టు చెప్పు."

మర్నాడే దివిసీమ వెళ్ళాను. ఆ ముగ్గురిలో మొదటి చేను ఆయన గట్టు మీద కూర్చుని నేను చెప్పిందంతా విన్నాడు.

"దిగుబడి తగ్గదు కదండీ?"

అస్సలు తగ్గదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"మొదటి రెండేళ్ళూ తగ్గుతుందండీ" అన్నాను.

ఆయన పక్కకి జరిగి గట్టు మీద నాకు చోటిచ్చాడు.

"కూర్చోండి. ఆ తర్వాత సంగతి చెప్పండి."