ధర్మవతి రాగంలో రేవు పాట

ఇది కూర్చుని చదవండి. ఈ ఘనకార్యం విన్నప్పుడు మా నాన్న నిలబడలేకపోయారు, అందుకని చెబుతున్నాను. ఒక్క ఫోనుకి మర్యాదగా జవాబిచ్చి, మా ఇంటికి అన్నం పెట్టే పడవని ఒడ్డునే ముంచబోయిన చరిత్ర నాది.

అప్పటికి నేను సొంతంగా పాటలు రాసి, బాణీ కట్టి, ఇంటర్నెట్లో పెట్టే రహస్య కళాకారిణిని. ఎంత రహస్యమంటే, వినేవాళ్ళకి కూడా తెలియదు. వీడియోలో నా ముఖం ఉండదు, మా వైనతేయ నది పారుతూ ఉంటుంది, అంతే. ఇంట్లో చెప్పలేదు. గిటారు స్నేహితురాలింట్లో దాక్కునేది. నలుగురిలో నా గొంతు తాబేలు తలలాంటిది. అలికిడైతే లోపలికి పోతుంది.

నా పాటల్లో నాకు ముద్దొచ్చేది, నాన్న పడవ మీద రాసుకున్న 'రేవు పాట'. దాని కింద నా ఫోను నంబరు పెట్టాను. అది నిజానికి నాన్న పాత నంబరు. ఆయన కొత్త ఫోను కొనుక్కుని పాతది సిమ్ముతో సహా నాకిచ్చారు. ప్రమాదం అక్కడ పొంచి ఉందని నాకేం తెలుసు?

ఒకరోజు ఫోను మోగింది.

"రేవు పాట మీదేనాండీ?"

నా మొదటి అభిమాని! తాబేలు తల లోపలికి పోయింది. సందులోంచి ఒక్క మాటే బయటపడింది.

"ఆయ్."

"పంచాయతీ గుమస్తా సూరిబాబునండి. రేపు పదింటికి ఆఫీసు దగ్గర పాటండి. తప్పకుండా వచ్చి పాడాలండి."

"ఆయ్."

"కిందటేడు చాలా బాగా పలికిందండి."

పలికిందట! నా గొంతే!

"ఈసారి పోటీ గట్టిగా ఉంటాదండి. అవతలి ఒడ్డోళ్ళు కూడా పాడతానికి వస్తన్నారు."

"ఆయ్."

"ధరావతు మాత్రం ఉండాలండోయ్. లేపోతే పాడనివ్వరు."

నాకది 'ధర్మవతి' అని వినబడింది. రాగం ముందే చెప్పి పిలుస్తున్నారు! పంచాయతీ ఆఫీసుల్లో ఇంత సంగీత జ్ఞానమా అని కళ్ళు చెమ్మగిల్లాయి. మౌనం అర్ధాంగీకారమంటారు గానీ, మా కోనసీమలో 'ఆయ్' పూర్తి అంగీకారం, వేలిముద్రతో సహా.

మీరు నవ్వుతున్నారు, నాకు తెలుసు. పంచాయతీ వాళ్ళు ఏటా రేవుని వేలం వేస్తారనీ, ఆ పాట గెలిచినవాళ్ళే ఏడాదంతా పడవ తిప్పుకోవాలనీ పడవవాడి కూతురికి తెలియదా? తెలుసు. ఆ మాటమీది సరదాతోనే నా పాటకి ఆ పేరు పెట్టాను. ఆ సాయంత్రం నాన్న అన్నం కలుపుకుంటూ, "రేవు పాట ఎప్పుడో ఇంకా కబురే పెట్టలేదేంటే వీళ్ళు?" అని అమ్మతో అన్నారు కూడా. నేను పక్కనే కూర్చుని ధర్మవతి ఆరోహణ నెమరేస్తున్నాను. పేరొస్తుందన్న ఆశ చెవిలో దూరితే, దండోరా వేసినా వినబడదు. డైరీలో మాత్రం ఘనంగా రాసుకున్నాను: "నన్ను గుర్తించారు. పంచాయతీ స్థాయిలో."

మర్నాడు లైబ్రరీకని చెప్పి, గిటారు తగిలించుకుని వెళ్ళాను. వేదిక లేదు, మైకు లేదు. భుజాల మీద తువ్వాళ్ళతో గదినిండా మగవాళ్ళు. అందరిలోకీ పెద్ద మీసం అవతలి ఒడ్డు పడవల ఆసామి నాగేశ్రావు గారిది.

"అందులో ఏటమ్మా?" అన్నారాయన.

"గిటారండి."

"ఎందుకూ?"

"పాడతానికండి."

"అలాగా! ఎంత పాడతావేంటి?"

"పల్లవి, రెండు చరణాలండి."

గది ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుని, ఆ తర్వాత పేలింది. పక్కాయన తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. సూరిబాబు గారు మాత్రం నవ్వలేదు.

"నువ్వు సత్తిబాబు గారమ్మాయివి కదూ? నాన్నగారేరమ్మా? నిన్న ఆయన నంబరుకి చేస్తే ఆయ్, ఆయ్ అన్నది నువ్వేనా? ఆయనకి చెప్పలేదా?"

అప్పుడు వెలిగింది నా బుర్రలో దీపం, ఇల్లు కాలాక. నాన్నకి ఫోను చేశాను. ఆయన నడి ఏట్లో ఉన్నారు. ఇంజను హోరులో ఫోను మోగితే ఎవరికి వినబడుతుంది? ఇక్కడ నాగేశ్రావు గారి పాట మీద సూరిబాబు గారు "ఒకటోసారి..." అనేశారు. మూడోసారి అన్నారంటే మా పడవ గట్టెక్కి కూర్చుంటుంది, మేము రోడ్డెక్కుతాం.

"ధర్మవతి... అదే, ధరావతు లేదండి," అన్నాను ఏడుపు గొంతుతో.

"మీ నాన్నగారు కట్టిన పాత ధరావతు సొమ్ము మా దగ్గరే ఉందమ్మా. ఆయన బదులు నువ్వు పాడొచ్చు. బేగా పాడు! రెండోసారి..."

నోరు మంచిదైతే ఊరు మంచిదట. నాకు నోరే లేదు, రేవు పోతోంది! మాట ఎంత లాగినా రావడం లేదు. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. నిన్నంతా సాధన చేసిన రాగమే దిక్కయింది.

"ఇంకొక వెయ్యండీ...ఈ...ఈ..."

నాగేశ్రావు గారు మెలేస్తున్న మీసం వదిలేశారు.

"ఆహా! నాది ఇంకో వెయ్యి. ఏదీ, మళ్ళీ అనమ్మా!"

ఓ మెట్టు పైకెళ్ళి అన్నాను. ఆయన తలూపుతూ ఇంకో వెయ్యి పెంచారు. నేను ఇంకో మెట్టెక్కాను.

"నాగేశ్రావు గారూ, రేవు కోసం పాడతన్నారా, రాగం కోసం పాడతన్నారా?" అన్నారు సూరిబాబు గారు.

"ఉండవయ్యా! పై షడ్జం ఇంకా రాలేదు!"

వచ్చింది. వస్తూ వస్తూ నా గొంతు రెండుగా చీలింది. దగ్గుతో వంగిపోయాను.

"పాపం, పిల్ల గొంతు పోతాది. నేనాపేసేనండి. రాసేసుకోండి," అన్నారాయన.

నా మిస్డ్ కాల్ చూసుకుని నాన్న వచ్చేసరికి రేవు మాదే.

"ఎంతకి పాడేవే తల్లీ?"

చెప్పాను. ఆయన అరుగు మీద కూలబడ్డారు.

"అందులో సగానికి కొట్టేసేవోణ్ణి కదే! ఇంతకీ... నువ్వు పాడతావా?"

ఎవరో తీసిన వీడియో సాయంత్రానికి రాజోలు దాటింది, మర్నాటికి దేశం దాటింది. గల్ఫ్‌లో ఉన్న మావాళ్ళు "ఇంకొక వెయ్యండీ" పాడుకుంటూ వంట చేసుకుంటున్నారట! ఆ నవ్వుకి వచ్చినవాళ్ళు నా మిగతా పాటలు కూడా విన్నారు. అమలాపురంలో పిలిచారు, కొత్తపేటలో పిలిచారు, చివరికి హైదరాబాదులో నా సొంత పాటలతో కచేరీ! కచేరీ అయ్యాక ఒక విలేకరి అడిగింది, "పేరు తెచ్చిన ఆ మొదటి పాటకి మీకెంత ఇచ్చారండీ?"

నేను నోరు తెరిచేలోపు నాన్న అందుకున్నారు.

"ఇవ్వడమేంటండీ బాబూ! మేమే కట్టేం. వాయిదాల్లో. ఇంకా కడతానే ఉన్నాం."

కాబట్టి వైనతేయ సాక్షిగా, మూడుసార్లు మునిగి లేచి, తడిబట్టలతో ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట ఎవరు పాటకి పిలిచినా, డబ్బు ఎటునుంచి ఎటు పారుతుందో తేల్చుకోకుండా గొంతు సవరించుకోను.