ఎక్కువ వచ్చిన కత్తి

మొన్న పొద్దున తుప్పు పట్టిన ఇనుప మూకుడుకు చింతపండు గుజ్జు పట్టించి తోముతున్నాను. తడిసిన ఇనుమూ పులుపూ కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే చేయి ఆగిపోయింది. కోరుట్లలో నర్సింహులు సారు ఇంటి ముందుగది సరిగ్గా ఇదే వాసన వేసేది. ఏమైందమ్మా అని మా అమ్మాయి అడిగితే ఏమీ లేదన్నాను. చెప్పాలంటే సారు ఎవరో చెప్పాలి. సారు గురించి చెప్పాలంటే ఆయన కత్తుల గురించి చెప్పాలి. కత్తుల దగ్గరికి వచ్చేసరికి ఒక సంగతి నాకే ఇప్పటికీ తేలలేదు. తేలని సంగతిని పిల్లలకు ఎలా చెప్పడమో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

నర్సింహులు సారు డ్రాయింగ్ మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. పుట్టింది సిరిసిల్లలో, మగ్గం నేసే ఇంట్లో. కోరుట్లలో మాత్రం అందరూ ఆయన్ని కత్తుల సారు అనేవారు. ముందుగది మూడు గోడలకూ కలిపి పందొమ్మిది కత్తులు వేలాడేవి. కొన్ని నిజంగా పాతవి. జగిత్యాలలో పాత ఇనుము కొనే దుకాణాల్లోంచి, పల్లెల్లో ఇళ్ల అటకల మీది నుంచి తెచ్చినవి. కొన్ని బడి నాటకాల కోసం జగిత్యాల కమ్మరి వెంకటి చేత చేయించినవి. కొత్త కత్తికి చింతపండు, ఉప్పు పూసి, వారం రోజులు రాత్రి మంచులో ఆరుబయట ఉంచి, ఆ తర్వాత తడిమట్టిలో పాతిపెట్టి తీస్తే నూరేళ్ల కత్తిలా తయారయ్యేది. దాన్ని ఆయన ఇనుముకు వయసెక్కియ్యడం అనేవారు. ఏది పాతదో ఏది కొత్తదో చెప్పమని వచ్చినవాళ్లను అడిగి, వాళ్లు తప్పు చెబితే పిల్లవాడిలా మురిసిపోయేవారు.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. కోరుట్ల బస్టాండు దగ్గర జిరాక్సు, టైపింగు దుకాణంలో పనిచేసేదాన్ని. డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. పెళ్లిపత్రికలు, దరఖాస్తులు, ఎవరేమిస్తే అది చదవకుండానే కొట్టిపడేసేదాన్ని. ఒకరోజు సారు తన కత్తుల జాబితా టైపు చేయించడానికి వచ్చారు. నంబరు, పొడవు, పిడి ఎలా ఉంది, ఎక్కడ దొరికింది, చివరి గడిలో అసలా నకలా. నేను టైపు చేసిన కాగితాన్ని ఆయన నిలబడే చదివి, ఐదో కత్తి పొడవు ఆరో కత్తికి వేశానని చూపించారు. ఇంత చిన్నదాన్ని ఎవరు చూస్తారు సార్ అన్నాను.

“చూసేటోడున్నడని రాస్తమా బిడ్డా? ఉన్నది ఉన్నట్టు రాస్తం.”

కోప్పడలేదు. స్టూలు లాక్కుని పక్కన కూర్చుని మొత్తం మళ్లీ చదివించారు. ఆ రోజు నుంచి నేను టైపు చేసే ప్రతి కాగితాన్నీ చదవడం మొదలుపెట్టాను. ఆగిపోయిన డిగ్రీ పరీక్షలు మళ్లీ రాయమని వెంటపడిందీ ఆయనే. సాయంత్రాలు వాళ్ల ముందుగదిలో ఆ కత్తుల కింద కూర్చుని చదువుకునేదాన్ని. నాకు నాన్న లేడు. ఆ గదిలో కూర్చున్నంతసేపూ ఆ సంగతి గుర్తొచ్చేది కాదు.

ఆ తర్వాతి ఏడాది సారూ వాళ్ల ఆవిడా మొక్కు తీర్చుకోవడానికి వేములవాడ వెళ్లి రెండు రోజులు లాడ్జిలో ఉన్నారు. తిరిగొచ్చేసరికి తాళం పగిలి ఉంది. బీరువా జోలికి ఎవరూ పోలేదు. కత్తులు మాత్రం ఒక్కటీ లేదు. సారు నేరుగా దుకాణానికి వచ్చి, పోలీసులకు ఇవ్వాలి, జాబితా ఇంకో కాపీ తీయమన్నారు. నేనేం అడగకముందే, గోడల మీద కత్తులున్న చోట్లు మాత్రం తెల్లగా కనబడుతున్నాయని చెప్పి వెళ్లిపోయారు.

మూడు వారాలకు కబురొచ్చింది. ఇంటింటికీ తిరిగి పాత ఇత్తడి కొనే ఒక ఆటో డ్రైవరు దొరికాడు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, అమ్మేసి ఖాళీగా పడున్న ఒక షెడ్డులో, పాత గుడ్డలో చుట్టిపెట్టిన కత్తులు దొరికాయి. వచ్చి గుర్తుపట్టాలన్నారు. సారుకు అప్పటికి చూపు మందగించింది, జాబితా చదవడానికి నన్ను వెంట తీసుకెళ్లారు. స్టేషన్ వరండాలో కత్తులన్నీ జంపఖానా మీద పరిచారు. నేను ఒక్కో నంబరూ చదువుతుంటే, సారు వంగి తడిమి ఇదీ అని చూపిస్తుంటే, కానిస్టేబుల్ చీటీ కడుతున్నాడు. పందొమ్మిదీ దొరికాయి. నాకైతే పరీక్ష పాసైనంత సంతోషం. అప్పుడు చూస్తే జంపఖానా మీద చీటీ లేకుండా ఇంకోటి మిగిలింది. దాని పిడికి చిలుక తల ఉంది. మా జాబితాలో ఏడో నంబరు కత్తికీ చిలుక తలే. రెండూ కవలల్లా ఉన్నాయి.

సారు ఆ రెంటినీ చెరో చేతిలో పట్టుకుని నిలబడిపోయారు. మిగిలినదాని పిడి సందుల్లో పసుపు ఇరుక్కుని ఉంది. ఎస్సై కాసేపు చూసి నవ్వాడు.

“సారూ, దొంగలు వడ్డ ఇంటికి తక్కువొస్తయ్. మీకు ఒకటి ఎక్కువొచ్చింది. బాధేంది? ఇరవై అని సంతకం వెట్టున్రి, అయిపోతది.”

“గిది నాది కాదు,” అన్నారు సారు. “గంభీరావుపేటోళ్లది.”

ఆటో డ్రైవర్‌ను పిలిచి అడిగితే నిజమేనన్నాడు. గంభీరావుపేటలో ఒక కూలివాళ్ల ఇంట్లో దేవుడి గూటిలోంచి తీశాడట. ఇంట్లో కత్తి ఎందుకుందని తిరిగి తమనే అడుగుతారన్న భయంతో వాళ్లు ఫిర్యాదు చేయలేదు. ఎస్సై మా జాబితా తీసుకుని ఏడో నంబరు దగ్గర వేలు పెట్టాడు. అక్కడ నేను టైపు చేసిన మాట అలాగే ఉంది. చిలుక పిడి, గంభీరావుపేట, అసలు. మీది అసలైతే మరి వాళ్ల దగ్గరున్నదేంటి అని అడిగాడు. సారు రెండు పిడులనూ మళ్లీ తడిమి చూశారు.

“తెల్వది,” అన్నారు చివరికి.

“లిస్టుల మీరే అసలని రాసిన్రు గద?”

“రాసిన. గది తప్పు. ఈ రెండిట్ల ఏది అసలో నాకు తెల్వదని రాసుకోన్రి.”

తెలియదని రాసే గడి తమ కాగితంలో లేదన్నాడు ఎస్సై. సారు నా చేతిలోని పెన్ను తీసుకుని, మా జాబితాలో అసలు అన్న మాట కొట్టేసి, పక్కన తెల్వది అని తన చేత్తో రాశారు. పొడవు అంకె తప్పు పడితేనే నా చేత మొత్తం మళ్లీ చదివించిన మనిషి ఈయనేనా అనిపించింది.

తిరుగు బస్సులో ఆయనే చెప్పారు. ముప్పై ఏళ్ల కింద గంభీరావుపేటలో మల్లయ్య అని వేషాలు కట్టే ఆయన ఉండేవాడు. మల్లయ్య తండ్రి రాజు వేషం బాగా కడతాడని, ఒకప్పటి ఊరి దొర మెచ్చి ఆయనకు ఇచ్చిన కత్తి అది. గుంట భూమి లేని ఆ ఇంట్లో ఒకరు గౌరవించి ఇచ్చిన వస్తువు అదొక్కటే. సారు దాన్ని బడి నాటకానికి అడిగి తెచ్చుకుని, వెంకటి చేత అచ్చం అలాంటిదే చేయించి వయసెక్కించారు. నెల రోజులు రెండూ ఒకే బల్ల మీద ఉన్నాయి. తిరిగి ఇచ్చే రోజు ఏది ఏదో తేల్చుకోలేక, చేతికొచ్చినదాన్ని తీసుకెళ్లి మల్లయ్యకు ఇచ్చేశానన్నారు. మరి జాబితాలో అసలని ఎందుకు రాశారని అడగబోయాను. అడగలేకపోయాను. ఆయనది అసలైతే మల్లయ్యను మోసం చేసినట్టు. నకలైతే ఇన్నాళ్లూ మా అందరితో అబద్ధం చెప్పినట్టు. ఏది కోరుకోవాలో నాకే తెలియలేదు.

ఆ ఆదివారం ఇద్దరం గంభీరావుపేట వెళ్లాం. మల్లయ్య పోయి చాలా ఏళ్లయింది. ఆయన మనవరాలు రాజవ్వ గడప దగ్గర కూర్చుని బీడీలు చుడుతోంది, నలభై దాటిన మనిషి. కత్తి దొరికిందనగానే ఆమె మొహం వెలిగిపోయింది. సారు అక్కడితో ఆగొచ్చు. ఆగమని నా మనసు మొత్తుకుంది కూడా. ఆయన ఆగలేదు, మొత్తం చెప్పారు. రాజవ్వ బీడీల చాట పక్కకు జరిపింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

“మా తాత సచ్చేదాక దాన్ని తలకాడ వెట్టుకొని పన్నడు సారూ. దేన్ని వెట్టుకొని పన్నడు?”

ఆమె మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఏది అసలో తేల్చుకుని రమ్మంది. ఏది మాదో చెప్పే మనిషి ఎక్కడో ఒకచోట ఉంటడు గదా అంది.

ఆ మనిషి వెంకటి. కోర్టు నుంచి కత్తులు చేతికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. రాజవ్వ కత్తి రాజవ్వకు, సారు కత్తులు సారుకు ఇచ్చారు. చిలుక పిడి కత్తులు రెండూ తీసుకుని ముగ్గురం జగిత్యాల వెళ్లాం. వెంకటికి ముసలితనం వచ్చి కొలిమి కొడుకుకు అప్పగించాడు. ఒక్కో కత్తినీ ఒడిలో పెట్టుకుని మేకుతో తట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. పసుపున్నది నేను చేసిందే అన్నాడు. రాజవ్వ కళ్లు మూసుకుంది. వెంకటి మళ్లీ తట్టి, కాదు, ఇంకోటి అన్నాడు. మూడోసారి రెండింటినీ కింద పెట్టేశాడు.

“నేను చేసినదానికి గుర్తు వెడ్త ఎప్పుడైనా. దీనికి వెట్టలే. సారే వద్దన్నడు. గుర్తుంటే నకలని తెలుస్తదన్నడు.”

నేను సారు వైపు చూశాను. ఆయన తలెత్తలేదు. గుర్తు వద్దన్నది నాటకంలో నిజమైనదిలా కనబడాలనా, లేక అప్పుడే మనసులో ఇంకేదైనా ఉందా? రాజవ్వ కూడా అదే అనుకుని ఉంటుంది. సారు తన కత్తిని రెండు చేతులా తీసి రాజవ్వ ఒళ్లో పెట్టారు. రెండూ నీ దగ్గరే ఉండాలమ్మా, అప్పుడు మీ తాతది మీ ఇంట్లో ఉన్నట్టే లెక్క అన్నారు. ఆమె వద్దనలేదు, సరే అనలేదు, దండం పెట్టలేదు. రెండింటినీ తువ్వాలలో చుట్టుకుని లేచి, మా కోసం చూడకుండా బస్టాండు వైపు నడిచిపోయింది.

తర్వాత సారు జాబితా అంతా మళ్లీ టైపు చేయించారు. పదకొండు కత్తుల దగ్గర, ఇది జగిత్యాల వెంకటి చేసినది, దీనికి తుప్పు పట్టించింది నేను అని రాయించారు. వాటిలో ఆరు అంతకుముందు అసలని నేనే టైపు చేసినవి. చూడ్డానికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఊళ్లో కొందరు నవ్వుకున్నారు కూడా. అలా నవ్వినవాళ్ల మీద నాకు కోపం వచ్చేది, ఆ వెంటనే సారు మీదా వచ్చేది. అయినా సాయంత్రాలు పుస్తకాలు తీసుకుని వెళ్లడం మానలేదు. డిగ్రీ పాసైన రోజు మిఠాయి పట్టుకెళ్లి, ధైర్యం చేసి అడిగాను. నిజంగానే కలిసిపోయాయా సార్ అని.

ఆయన మిఠాయి పొట్లం పక్కన పెట్టారు. “కలిసిపోయినయనే యాదికున్నది బిడ్డా. గట్ల యాదికుంటే మంచిగుంటదని నేనే అనుకున్ననో ఏమో. ముప్పై ఏండ్లాయె. ఇప్పుడు నా మీద నాకే సాక్ష్యం లేదు.”

పెళ్లయ్యాక నేను సిరిసిల్ల వచ్చేశాను. సారు రెండేళ్ల కింద పోయారు. కోరుట్ల వెళ్లి చూసొచ్చాను. ఏడ్చాను, కానీ మోసగాడి కోసం ఏడుస్తున్నానా, గురువు కోసం ఏడుస్తున్నానా అన్న గజిబిజి ఆ ఏడుపులోనూ వదల్లేదు. పోయిన దసరాకు ఏదో పని మీద గంభీరావుపేట వెళ్లి రాజవ్వ ఇంటికి వెళ్లాను. గూటిలో రెండు కత్తులూ పక్కపక్కన ఉన్నాయి, రెండింటికీ పసుపు, రెండింటికీ బొట్టు. ఈసారి మంచినీళ్లిచ్చింది, చాయ పెట్టింది. సారు పోయారని చెబితే అయ్యో అంది. కాసేపటికి, నా మొహంలోకి సూటిగా చూస్తూ అడిగింది.

“నువ్వు ఆయనకు బిడ్డ లెక్కనే ఉంటివి గదా. సారు నిజంగనే మరిచిండా, లేకుంటే ఎరికుండే ఇచ్చిండా?”

మరిచిపోయాడక్కా అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆ మాటంటే ఆమె మనసు చల్లబడేది, సారు పేరు నిలబడేది. చెప్పేది నేనే కాబట్టి నమ్మేది కూడా. కానీ ఆ రోజు స్టేషన్‌లో, ఇరవై కత్తులకూ సంతకం పెట్టి దర్జాగా ఇంటికి వెళ్లగలిగిన మనిషి, ఎవరూ పట్టుకోని తప్పును తానే బయట పెట్టడం నేను కళ్లారా చూశాను. ఆయన్ని కాపాడటానికి ఆయనే ఖాయంగా చెప్పలేని మాట నేనెలా అనగలను?

“నాకు తెల్వదక్కా,” అన్నాను.

రాజవ్వ తలూపింది. కోపమూ లేదు, ఊరటా లేదు. నా గ్లాసులో ఇంకొంచెం చాయ పోసింది.