పెయింటు చేయి, పచ్చ నీళ్ళు

ఆరో తరగతిలో మా అయ్యవారు నా వీపు మీద మూడు బెత్తాలు విరగ్గొట్టి, నాలుగోది దండగనుకుని నన్ను ఇంటికి పంపేశారు. నా ఒంట్లో చదువుకు దగ్గరగా వెళ్ళింది ఆ వీపొక్కటే. ఇంత అర్హత ఉంది కాబట్టే, రుద్రవరం అవతలి చెరువులో చేపలు పెంచే మా అక్క మొగుడికి సలహాదారునయ్యాను.

పైన కాలువకు ఆనకట్ట కట్టి కరెంటు తీయడం మొదలయ్యాక ఆ చెరువు పాడైంది. ఒండ్రంతా అక్కడే అడుక్కు దిగిపోయి, మాకు వడగట్టిన నీళ్ళు వస్తున్నాయి. సూది పడేసినా అడుగున కనిపిస్తుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ అందులో చేపకు మేత లేదు. బొచ్చె చేపలు తలకాయే మిగిలి, ఒళ్ళు చీపురుపుల్లయ్యాయి. అందుకని బావ ఒక మూలను వలతో మూసి, పేడా సూపర్ ఫాస్ఫేటు ఎరువూ కలిపిన నీళ్ళు కొద్దికొద్దిగా పోసేవాడు. దాంతో నీళ్ళు పచ్చబడతాయి. ఆ పచ్చదనమే మేత. కొలత ఒక్కటే: మోచేతి దాకా చేయి ముంచాలి, అరచేయి కనపడకపోతే ఎరువు ఆపాలి. ఆ ఏడు వాళ్ళ ఇంటికి అన్నం పెట్టాల్సింది ఆ మూలే.

పెళ్ళి పని మీద ఆళ్లగడ్డ వెళ్తూ బావ ఆ పని నాకు అప్పగించాడు. అంతకు ముందురోజే నేను మా గేటుకు తెల్ల పెయింటు వేశాను. అరచేతికి పట్టింది పట్టినట్టే ఉంది. ముంచాను, కనపడింది. ఎరువు పోశాను. మర్నాడూ కనపడింది. మళ్ళీ పోశాను. ఐదు రోజులు అదే పని.

ఆరో రోజు మబ్బు పట్టింది. ఎండ లేకపోయేసరికి, మితిమీరిన ఆ పచ్చదనం నీళ్ళలో గాలి లేకుండా చేసింది. బావ వచ్చేసరికి చేపలన్నీ మూతులు పైకెత్తి గుటకలు వేస్తున్నాయి.

“ఏందిరా చేసినావు?”

“నువ్వు చెప్పినట్టే బావా. సూడు, ఇంకా కనపడతాండాది,” అని తెల్లటి అరచేయి ఎత్తి చూపించాను.

బావ ఆ చేతిని చూశాడు. తెడ్డు తిప్పి నా తల మీద కొట్టాడు. కణత చీలి కంట్లోకి రక్తం దిగింది. నేను గెడ అందుకుని అతని భుజం మీద వేశాను. ఇద్దరం బురదలో పడ్డాం. నా మెడ పట్టి నీళ్ళలోకి తొక్కాడు. నేను అతని మణికట్టు కొరికాను.

గట్టు మీద నుంచి అక్క అరిచింది. “చంపుకునేది తర్వాత చంపుకోండప్పా! ఆ కొట్టేదేదో నీళ్ళను కొట్టండి, బేగా! లోపలికి గాలన్నా పోతాది!”

కొట్టాం. తెడ్డుతో ఒకరు, గెడతో ఒకరు, తిట్టుకుంటూ, చేతుల తోలు ఊడేదాకా. పొద్దు వాలేసరికి సగం చేపలు మళ్ళీ లోపలికి దిగాయి. తక్కిన సగం తెల్ల పొట్టలు పైకి పెట్టి తేలాయి. బావ చచ్చినవాటిని ఏరి గట్టుకు విసిరాడు, ఒకటి నా మొహానికి.

ఆ తర్వాత ఒక చేతితోనే బండి నడిపి, నన్ను నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయింది కూడా అతనే. కుట్లు పడుతుంటే నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

“నీళ్ళను కొట్టే తెడ్డుతో నా తలకాయ ఎందుకు కొట్టినావు బావా?”

“తప్పేరా. నీళ్ళను కొడితే గాలన్నా లోపలికి పోతాది. నీ తలకాయను ఎంత కొడితే ఏం పోతాది?”