పక్కింటివాళ్లకేం ఇబ్బంది లేదన్నారు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. చిన్న అబద్ధం. చెప్పడానికి అరనిమిషం కూడా పట్టలేదు. మా ఆయనతో చెప్పాను, ఆయన నమ్మారు, ఆ నమ్మకంతోనే వెళ్లిపోయారు. ఆఖరి రోజుల్లో ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని కూడా నేను నోరు విప్పలేదు. పిల్లలకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

నాది కోవూరు దగ్గర పల్లె. వరి పొలాల మధ్య పెరిగాను. పెళ్లయి గూడూరు వచ్చేటప్పటికి పంతొమ్మిది వందల అరవైలు మొదలయ్యాయి. మా ఆయన అక్కడ ఒక అభ్రకం కంపెనీలో ఎలక్ట్రిక్ సూపర్‌వైజరు. కంపెనీ వాళ్లు ఊరి చివర, రైలు పట్టాలకు కాస్త ఇవతల, ఉద్యోగుల కోసం కొత్తగా రెండంతస్తుల మేడ కట్టించారు. అందులో ఎనిమిది కాపురాలు. ప్రతి ఇంట్లో కుళాయి, ప్రతి ఇంట్లో మరుగుదొడ్డి. అది ఆ రోజుల్లో ఎంత పెద్ద విషయమో ఇప్పటివాళ్లకు చెప్పినా అర్థం కాదు. మొదట్లో నేను కుళాయి తిప్పి, పని లేకపోయినా, నీళ్లు పడుతుంటే చూస్తూ నిలబడేదాన్ని.

మేడ వెనక ఖాళీ జాగాలో బండ్లు పెట్టుకునేవాళ్లు. కంపెనీ లారీలు, ఒక జీపు, మేనేజరు గారి నల్ల కారు, మిగతావాళ్ల స్కూటర్లు, సైకిళ్లు. జాగా చుట్టూ నడుమెత్తు గోడ. గోడకు అవతల నాలుగైదు పెంకుటిళ్లు, వాటి వెనక తుమ్మపొదలు, పొదలు దాటితే పట్టాలు. మా గోడను ఆనుకున్న ఇల్లు మస్తాన్‌బీది. ఆమె భర్త నిమ్మకాయల మార్కెట్లో కాయలు ఏరి బుట్టలకెత్తేవాడు. అతని చెల్లెలు ఫాతిమా కూడా వాళ్లతోనే ఉండేది. ఇంకా పెళ్లి కాని పిల్ల. కాలితో తొక్కే మిషను మీద రవికలు కుట్టేది. నా రవికలన్నీ ఆ పిల్ల కుట్టినవే.

కొత్తలో నాకు మాట్లాడే దిక్కు లేదు. మేడలో ఆడవాళ్లందరూ నాకంటే చదువుకున్నవాళ్లు, పట్నాల నుంచి వచ్చినవాళ్లు. మధ్యాహ్నం పూట గోడ దగ్గర నిలబడి మస్తాన్‌బీతో మాట్లాడేదాన్ని. మా ఊరి సంగతులన్నీ చెప్పాను. మా ఇంట్లో మరుగుదొడ్డి లేదని, తెల్లవారకముందే అమ్మతో కలిసి పొలం గట్టుకు పోయేవాళ్లమని, వానాకాలం ఎంత అవస్థో కూడా నవ్వుతూ చెప్పాను. ఆమె నవ్వింది. నా వయసుదే అయినా నన్ను అక్కా అనేది.

ఆ ఏడాది లారీల బ్యాటరీలు రెండుసార్లు పోయాయి. బండ్లున్న చోట పెద్ద లైటు వేయమని మేనేజరు గారు మా ఆయనకు చెప్పారు. దొంగలు పొదల వైపు నుంచి వస్తారు కాబట్టి ఆ వైపంతా పట్టపగల్లా ఉండాలన్నారు. మా ఆయనకు అది నచ్చలేదు. వెలుగు బండ్ల మీద పడాలి గానీ పక్కవాళ్ల ఇళ్ల మీద పడితే ఎట్లా అని ఇంట్లో నాతో అన్నారు. లైటుకు పైన, పక్కన రేకు తొడుగు చేయిస్తే వెలుగు గోడ దాటదని, కాగితం మీద గీసి చూపించారు. నాకు అర్థం కాకపోయినా తల ఊపాను. తొడుగు చేయించేలోపలే మేనేజరు గారు తొందరపెట్టి లైటు వేయించేశారు. గోడ పక్కన ఎత్తయిన స్తంభం, దానిమీద లైటు, మొహం పొదల వైపు.

మొదటిరోజు మేడవాళ్లందరం వసారాల్లోకి వచ్చి చూశాం. పొదల్లో ఆకులు కూడా లెక్కపెట్టుకోవచ్చు. అందరూ మా ఆయన్ని మెచ్చుకున్నారు. నాకు గర్వంగా ఉండింది. దాచను, చాలా గర్వంగా ఉండింది.

తర్వాత కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం మేనేజరు గారి భార్య మా ఇంటికి వచ్చింది. మద్రాసులో పుట్టి పెరిగినావిడ. అంతకు ముందెప్పుడూ మా గడప తొక్కలేదు. వెనక వసారాలో కుర్చీ వేసి, ఉన్న రెండు మంచి కప్పుల్లో కాఫీ పోసి, ఏం మాట్లాడాలో తెలియక తంటాలు పడుతున్నాను. అప్పుడే మస్తాన్‌బీ గోడ దగ్గరికి వచ్చి పిలిచింది.

“అక్కా, మీ ఆయనకు ఒక మాట చెప్తావా? ఆ లైటు కొంచెం ఇట్టా కిందికి తిప్పమని.”

“ఎందుకు? మీకూ మంచిదే కదా. ఊరికే వెలుగు,” అన్నాను.

“వెలుగు మంచిదే. చెట్లల్లోకి పోయేదానికే లేకుండా ఉండాది. తెల్లారకముందు పోతాం గదా మేము. ఇప్పుడు ఆడ కూర్చుంటే మేడ మీదికి అంతా అగుపడతాది. లారీ డ్రైవర్లు కూడా ఈడనే పండుకుంటా ఉండారు. మా ఫాతిమా అయితే సిగ్గుతో చచ్చిపోతా ఉండాది. పొద్దున దాకా ఓర్చుకోలేక కడుపునొప్పని ఏడస్తాది.”

నేను కుర్చీ వైపు ఒకసారి చూశాను. మేనేజరు గారి భార్య కప్పు కింద పెట్టింది. నాకు అర్థం కాలేదనుకుందేమో, మస్తాన్‌బీ ఇంకాస్త దగ్గరికి వచ్చింది.

“నీకు నేను చెప్పాల్నా అక్కా. నువ్వూ పల్లె నుంచి వచ్చినదానివే. చెంబు పట్టుకుని గట్టెంబడి పోయినదానివే గదా.”

మేనేజరు గారి భార్య నా వైపు తిరిగింది. “అలాగా?” అంది. చిన్నగా నవ్వింది కూడా.

అంతే జరిగింది. ఆవిడ నన్నేమీ అనలేదు. ఆ నవ్వులో చెడు ఉందో లేదో ఇప్పటికీ చెప్పలేను. కానీ నాకు ఒళ్లంతా మండిపోయింది. మస్తాన్‌బీతో “చెప్తాలే, పో” అన్నాను. ఆమె మాత్రం నిశ్చింతగా వెళ్లింది.

చెప్పానా? చెప్పలేదు. వారం గడిచింది. మరచిపోయానని మీతో అనవచ్చు, అది నిజం కాదు. రోజూ గుర్తుండేది. గుర్తొచ్చినప్పుడల్లా ఆ “అలాగా” వినబడేది.

ఒక సాయంత్రం మా ఆయన రేకు తొడుగు చేయించి తీసుకొచ్చారు. కాళ్లు కడుక్కుంటూ అడిగారు. “దీన్ని బిగిస్తే వెలుగు తగ్గుతుందని మేనేజరు ఒప్పుకోవడం లేదు. పక్కవాళ్లకు ఇబ్బందిగా ఉందంటే నేను గట్టిగా మాట్లాడతాను. మగవాణ్ణి నేను పోయి ఆడవాళ్లను అడిగితే బాగుండదు. నువ్వు మాట్లాడుతుంటావు కదా. అడిగావా?”

“అడిగాను. వాళ్లకేం ఇబ్బంది లేదన్నారు. పైగా దొంగల భయం పోయిందని సంతోషపడుతున్నారు.”

ఆ రెండో మాట నన్నెవరూ అడగలేదు. నేనే కలిపాను. ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయం వేస్తుంది. తడబడలేదు, చూపు తిప్పుకోలేదు, చేతిలో తువాలు ఆయనకు అందిస్తూనే చెప్పాను. ఆయన సరేనన్నారు. తొడుగు మంచం కిందికి పోయింది.

ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే ఇది సగం నిజమే అవుతుంది. ఆ తర్వాత ఏం జరుగుతోందో నాకు తెలుసు. తెల్లవారుజామున వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని. మస్తాన్‌బీ, ఫాతిమా, ఇంకో ఇంటి ముసలామె, ముసుగులు కప్పుకుని గబగబా వెలుగులోంచి నడిచి, పొదలు దాటి, పట్టాలు దాటి, అవతలి చీకట్లోకి పోయేవాళ్లు. గూడూరు జంక్షనులో ఎప్పుడూ ఏదో ఒక రైలు పెట్టెను అటూ ఇటూ జరుపుతూనే ఉంటారు. అది నాకు తెలియదా? ఆ చప్పుళ్లతోనే కదా నిద్రపోయేదాన్ని. అయినా కిటికీ దగ్గర నిలబడి, పాలు పొంగకుండా చూసుకుంటూ, వాళ్లు దాటిపోవడం చూసేదాన్ని. అప్పుడు నా మనసులో ఏముంది? జాలి లేదు. కోపం కూడా అప్పటికి పోయింది. అన్న మాట వెనక్కి తీసుకోవడానికి సిగ్గు, అంతే. చెప్పిన అబద్ధాన్ని కాపాడుకోవడం తప్ప ఇంకేమీ లేదు.

కార్తీక మాసపు వానల్లో జరిగింది. రెండు రోజులుగా ముసురు. ఆ తెల్లవారుజామున నేను లేచేసరికి పట్టాల వైపు నుంచి కేకలు. ఇంజను తోసి వదిలేసిన గూడ్సు పెట్టె ఒకటి చప్పుడు లేకుండా దొర్లుకుంటూ వచ్చిందట. ముసలామెను చెయ్యి పట్టి దాటిస్తున్న ఫాతిమా తడి కంకర మీద జారి పడింది. ముసలామె బతికింది. మస్తాన్‌బీ అప్పటికే అవతలి గట్టున ఉంది.

మా డ్రైవర్లు ఆ పిల్లను మంచం మీద మా జాగాలోకే మోసుకొచ్చి జీపులో ఎక్కించారు. మేడ ఆడవాళ్లందరం వసారాల్లో నిలబడి ఉన్నాం. మా ఆయన లైటు వెలుగుతూనే ఉంది. ఆ వెలుగులో నేను ఫాతిమా కాలు చూశాను. మోకాలి కింద ఏముందో, ఏం లేదో చూశాను. చుట్టూ అందరూ ఏడుస్తున్నారు, నేను మాత్రం ఏడవలేదు. ఇది నేను చేశాను అన్న మాట ఒక్కటే తలలో నిలబడిపోయింది, దాని పక్కన ఇంకే మాటా పట్టలేదు.

నెల్లూరు పెద్దాస్పత్రిలో కాలు తీసేశారు. ప్రాణం నిలిచింది.

ఆ రోజే మా ఆయన డ్రైవర్ల దగ్గర సంగతంతా విన్నారు. ఆడవాళ్లు పట్టాలు ఎందుకు దాటుతున్నారో అప్పటిదాకా ఆయనకు తెలియదు. ఇంటికొచ్చి, మంచం కింది తొడుగు బయటికి లాగి, వానలోనే స్తంభమెక్కి బిగించారు. మేనేజరును అడగలేదు. దిగి వచ్చి తడిబట్టలతోనే కూర్చుండిపోయారు.

“నువ్వు అడిగినప్పుడు ఆ తల్లి ఒక్క మాట చెప్పి ఉంటే,” అన్నారు.

అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. ఆయన మాటే నాకు దారి ఇచ్చింది. నేను ఏమన్నానో తెలుసా? “సిగ్గుపడి ఉంటారు” అన్నాను.

“నేనే ఊహించుకోవాల్సింది,” అన్నారాయన. తల పట్టుకున్నారు.

ఆయన ఆ తప్పును తన మీద వేసుకున్నారు. ఆ తర్వాత ఏ ఊళ్లో ఎక్కడ లైటు వేయించినా, ముందు చుట్టుపక్కల ఇళ్లకు తనే పోయి, మొహమాటపడుతూ, చెవులు ఎర్రబడుతుంటే, ఆడవాళ్లకు ఇబ్బందేమైనా ఉందా అని అడిగేవారు. కొందరు నవ్వేవాళ్లు. కొందరు ఈయనకు బుద్ధి సరిగా లేదనుకున్నారు. నేను చూస్తూ ఊరుకున్నాను.

మస్తాన్‌బీని చూడ్డానికి వెళ్లడానికి నాకు చాలా రోజులు పట్టింది. వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. ఆమె లేచి వచ్చి నా చేతులు పట్టుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా.

“నువ్వు చెప్పే ఉంటావు అక్కా,” అంది. “మగోళ్లు ఆడోళ్ల మాట వింటే గదా. నువ్వేం చేస్తావు.”

లోపల మంచం మీద ఫాతిమా గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. నేను అవునని అనలేదు, కాదని అనలేదు. తల దించుకున్నాను. నేను బాధపడుతున్నానని ఆమె నా వీపు నిమిరింది.

ఆ తర్వాత మా ఆయన ఎదురుపడితే ఆమె మొహం తిప్పుకునేది. ఆయనకు ఎందుకో తెలియదు. కష్టంలో ఉంది పాపం అనేవారు. ఆయన తన మాట తోసేశాడని ఆమె నమ్మింది. ఆమె మాటే చెప్పలేదని ఆయన నమ్మారు. ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు. ఇద్దరి మధ్యా నేను రోజూ అన్నం వండుకుని, తిని, తిరిగాను. మనిషి అట్లా ఉండగలదా? ఉన్నాను.

ఏడాది తిరక్కుండానే వాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెంకటాచలం వైపు బంధువుల దగ్గరికి పోయారన్నారు. ఆ తర్వాత వాళ్ల సంగతి తెలియలేదు. నేను కనుక్కోలేదు. వెంకటాచలం ఎంత దూరమని? బస్సెక్కితే గంటలో పోవచ్చు. ఆ దారిన ఎన్నోసార్లు నెల్లూరు పోయాను. దిగలేదు.

పల్లె నుంచి వచ్చానని నలుగురికీ తెలిస్తే ఏమవుతుందని అంత భయపడ్డాను? ఏమీ కాదు. ఆ మేనేజరు గారి భార్య రెండు రోజుల్లో మరచిపోయి ఉంటుంది.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. క్షమించగలిగినవాళ్ల దగ్గరికి నేను పోలేదు. ఒక్కటి మాత్రం ఎక్కడో ఒకచోట ఉన్నదున్నట్టు ఉండాలి. మస్తాన్‌బీ నాకు చెప్పింది. విడమరచి చెప్పింది. మా ఆయన నన్ను అడిగారు. నేను అబద్ధం చెప్పాను. ఆయన తప్పేమీ లేదు.

ఇంతకాలం ఇది నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.