జడలోని నలుపు

శ్రీకాళహస్తిలో కలంకారీ బొమ్మలు వేసే చంద్రకాంతమ్మ కుడిచేతి వేళ్లు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి. తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ వేసి పులియబెట్టిన రంగు అది, ఏ సబ్బుకూ లొంగదు. సాయంత్రం కలం కడిగేసి, పాత ప్లాస్మా టీవీ ముందు కాళ్లు చాపుకుని సీరియల్ చూస్తుంది. కథ ఆమెకు పట్టదు. అందులో కోడలి జడ చూసి, ‘నలుపంటే అదీ!’ అని తలూపుతుంది, అంతే. కొడుకు గిరిప్రసాద్ కొత్త ఎల్‌ఈడీ టీవీ తెచ్చి గోడకు బిగించిన నాటినుంచి ఆ జడ బూడిద చల్లినట్టు కనిపించసాగింది. కళ్లకు పొర కమ్ముతోందనుకుంది. ఎవరికీ చెప్పలేదు. అమ్మవారి బొమ్మకు కళ్లు గీయకుండానే గుడ్డ మడిచి పెట్టేసింది.

మొన్న సాయంత్రం పాత టీవీ కొనడానికి ఒకాయన వచ్చాడు. అది పనిచేస్తోందని చూపించడానికి గిరిప్రసాద్ దాన్ని కొత్తదాని కిందే పెట్టి ఆన్ చేశాడు. రెండింట్లోనూ అదే సీరియల్, అదే జడ. పైన బూడిద, కింద కాటుక. చంద్రకాంతమ్మ ఒక కన్ను మూసి చూసింది, మళ్లీ రెండోది మూసి చూసింది.

“కొత్తదాంట్లో ఎంత వెలుగుండాదో సూడమ్మా!” అన్నాడు కొడుకు.

“వెలుగుండాది నాయనా, నలుపే లేదు. నా కండ్లకేమీ కాలేదురా!”

గిరిప్రసాద్‌కు ఏమీ అర్థం కాలేదు. “ఇంతకీ ఏది ఉంచమంటావు?”

“నీకేది నచ్చితే అది ఉంచుకో. నాకు పనుండాది.”

అప్పటికే ఆమె గుడ్డ విప్పి, కలం రంగులో ముంచింది.