వేట జాబితాలో వంటాయన పేరు

మా కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమానికి, కోపం ముందు చేతుల్లోకి వచ్చేది. గల్ఫ్‌లో అరాద్ అనే ఊళ్లో, ఆయన ఇంట్లో నేను కాగితాల పని చూసేవాణ్ని. తలుపు గట్టిగా వేశాడని డ్రైవరును, టీ చల్లారిందని నన్ను కొట్టాడు. మాలో ఒక్కడూ నోరెత్తలేదు. పాస్‌పోర్టులన్నీ ఆయన బీరువాలో ఉంటే నోరెలా లేస్తుంది?

తొంభైల్లో, చలికాలం రాగానే ఆయన డేగలు తీసుకుని పాకిస్తాన్ వేటకు వెళ్లేవాడు. అక్కడి ఎడారిలో హుబారా అనే పెద్ద పిట్ట ఉంటుంది, దానికోసం. నెలన్నర ముందునుంచే నాకు చచ్చే చావు. తుపాకుల నంబర్లు, జీపుల కాగితాలు, డేగలకు డాక్టరు సర్టిఫికెట్లు, వెళ్లే మనుషుల జాబితా, అన్నీ ఒకే ఫైలు. ఒక్క కాగితం ఆగితే మొత్తం పర్మిట్ ఆగుతుంది. డేగల కాలి కడియాల మీది నంబర్లు రాసుకోవడానికి సఖీర్ ఎడారికి వెళ్లేవాణ్ని. అక్కడ వాటికి బతికున్న పావురాలను వదిలి వేట నేర్పేవారు. ప్రాణం పోకముందే చీల్చేవి. నా కాగితాల మీద నెత్తురు చుక్కలు పడేవి.

ఒక ఏడు మా వంటాయన పేరు జాబితాలోకెక్కింది. నిజామాబాద్ మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద, భాయ్ అని పిలిచేవాణ్ని. వాళ్లక్కను కరాచీ ఇచ్చారు. చూసి పద్దెనిమిదేళ్లు. మన పాస్‌పోర్టు మీద ఆ దేశం వీసా అంటే మాటలా? రెండుసార్లు అడిగి లేదనిపించుకున్నాడు. కఫీల్ వెంట అయితే దొరుకుతుందన్నారు. వేట క్యాంపులో ఒక్కరోజు సెలవిస్తే చాలు, వెళ్లి చూసొస్తాననేవాడు. అక్క గుర్తుపట్టాలని తలకు రంగు కూడా వేసుకున్నాడు. పెళ్లికొడుకువయ్యావంటే సిగ్గుపడ్డాడు.

వీసా ఫారంలో, ఆ దేశంలో తెలిసినవాళ్లెవరని ఒక గడి. గల్ఫ్‌కొచ్చే మావాళ్లకు నేను ఎన్ని ఫారాలు నింపానో! అలాంటి గడిలో ఒక పేరుంటేనే పని త్వరగా అవుతుందని మా లెక్క. ఆ అలవాటుతో, భాయ్‌ని అడక్కుండా, ఆయనకొచ్చిన ఉత్తరం కవరు చూసి అక్క పేరూ చిరునామా రాసేశాను. మేలు చేశానని మురిసిపోయాను కూడా.

ఇండియా మనిషికి అక్కడ బంధువులుంటే వేరే విచారణ అట. ఫైలు మొత్తం ఆగిపోయింది. కఫీల్ తోటి వేటగాళ్లంతా వెళ్లిపోయారు. ఫైలు ఆగిన మూడోవారం కఫీల్ మా ఇద్దరినీ డేగల గదిలోకి పిలిపించాడు.

నీకు కరాచీలో అక్క ఉందా అని అడిగాడు. ఉందని భాయ్ సంతోషంగా చెప్పాడు. బెత్తం మొహం మీద పడింది. నా వేటను అడ్డం పెట్టుకుని చుట్టాల ఇంటికి పోతావా అంటూ, కిందపడ్డా ఆపకుండా కొట్టాడు. చెవి తెగి చొక్కా భుజం ఎర్రబడింది. గోలకు డేగలు రెక్కలు కొట్టుకున్నాయి. నేను ఫైలు పట్టుకుని నిలబడ్డాను. అక్క పేరున్న ఫారం ఆ ఫైల్లోనే ఉంది, నా చేతిరాతతో.

"ఖలాస్, వీడి పేరు తీసెయ్" అన్నాడు కఫీల్. తీసేశాను. అప్పటికప్పుడే వేరే వంటవాడి పేరుతో కొత్త జాబితా టైపు చేశాను. అంత పిరికివాణ్ని.

మర్నాడు వంటింట్లో భాయ్ డేగల మేతకు పావురాల తలలు కోస్తున్నాడు. వెళ్లి ఉన్నదంతా చెప్పాను. కత్తి పక్కన పెట్టాడు. చేతులు కడుక్కోకుండానే నా మూతి మీద గుద్దాడు. పన్ను కదిలింది. రెండో గుద్దు పడుతుందని చూశాను, పడలేదు.

"రాసినందుకు గాదు తమ్మీ. గాయన నన్ను కొడుతుంటె సూస్కుంట నిలబడ్డవ్ గద, గందుకు."

సాయంత్రం కఫీల్ నా వాచిన మొహం చూసి ఎవరు కొట్టారని అడిగాడు. మెట్ల మీద జారిపడ్డానన్నాను. తడుముకోకుండా వచ్చింది అబద్ధం. ముందురోజు అదే మనిషి ముందు, నేనే రాశానన్న రెండు ముక్కలు నా నోట రాలేదు.